పొగగొట్టం చెప్పిన రుచి

మా నగరంలో ఎవరికైనా బయట తినాలనిపిస్తే ముందు మా బాబాయిని అడుగుతారు, ఆ తర్వాతే ఆకలి వేస్తుంది. ఆయన పని హోటళ్ల పొగగొట్టాలు శుభ్రం చేయడం. మేడ ఎక్కి, గొట్టం మూత విప్పి, లోపల పేరుకున్న జిడ్డును ఇనపరేకుతో గీకి, బొటనవేలితో నలిపి వాసన చూస్తాడు. ఇక తీర్పే!

"స్టేషన్ ఎదుటి హోటల్లో సూప్ తాగండి, రొట్టె ముట్టకండి. వంతెన దగ్గర కోడి బాగుంటుంది కానీ ఆదివారం వెళ్లకండి, ఆ రోజు నూనె మార్చరు."

ఆయనది అల్లాటప్పా ముక్కు కాదు. ఒకసారి నాలుగో అంతస్తు మీద నిలబడి, కింద కూర మాడబోతోందని మాడకముందే కేకేశాడు. నేను పక్కనే ఉన్నాను. నమ్మనివాళ్లు వెళ్లి ఆ కూరనే అడగండి.

ఒక్కటే చిన్న లోపం. ఇరవై ఏళ్లలో ఆయన ఒక్క హోటల్లోనూ కూర్చుని తినలేదు. మధ్యాహ్నం కాగానే పిన్ని కట్టిచ్చిన డబ్బా మేడ మీదే విప్పుకుంటాడు. "గొట్టం తెలిసినవాడికి గిన్నెతో పనేంట్రా?" అంటాడు. నేను బడి మానేసినప్పుడు ఇదే ముక్క కాస్త తిప్పి మా నాన్నకు చెబితే ఆయన చెప్పు తీశాడు. బాబాయి నోట వస్తే మాత్రం అది జ్ఞానమట.

ఆయన సిఫార్సులన్నింటికీ కిరీటం, నీలం తలుపుల హోటల్లో కాల్చిన చేప. అది తినకుండా చస్తే దానికోసమే మళ్లీ పుట్టాల్సి వస్తుందనేవాడు. జనం ఎగబడ్డారు. తిరిగొచ్చినవాళ్లలో బాగాలేదన్నవాడు ఒక్కడూ లేడు. పళ్ల డాక్టరైతే ముల్లు గుచ్చుకున్న చిగురు పట్టుకుని మరీ మెచ్చుకున్నాడు.

ఆయన కాక, తినని మనిషి మా పిన్ని ఒక్కతే. ఇంట్లో కూర్చుని చొక్కాలకు కాజాలు కుడుతుంది. కాజా ఒక్క దారం పక్కకు పోయినా ఒప్పుకోదు. పెళ్లైన కొత్తలో బాబాయి ఆ చేప తినిపిస్తానని మాటిచ్చాడు. ఇరవయ్యో పెళ్లిరోజుకు ఆవిడ సూది పక్కన పెట్టింది.

"ఊరందరికీ తినిపించారు, నాకెప్పుడండీ? ఈసారి గానీ తీసుకెళ్లకపోతే రేపట్నుంచి మీ డబ్బా మీరే కట్టుకోండి."

గుడ్డు ఉడకబెట్టమంటే ఏ వైపు పైకి పెట్టాలని అడిగే మనిషి బాబాయి. ఆ మధ్యాహ్నమే బయల్దేరదీశాడు. సాక్షిగా నేనూ వెళ్లాను. చేపకు సాక్షి అవసరం లేదని వాళ్లిద్దరూ అన్నా వినలేదు.

చేప వచ్చింది. చచ్చి చాలాకాలమైనా పగ చల్లారనట్టు మమ్మల్నే చూస్తోంది. పిన్ని ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమిలింది. నేను నీళ్లు తాగి, చేతులు కడుక్కుని వచ్చేసరికి కూడా అదే ముక్క నములుతోంది. బాబాయి కూడా ఒక ముక్క తిన్నాడు. ఆయన మొహం తేలు కుట్టిన దొంగ మొహంలా అయింది.

"వంటవాడు మారుంటాడే," అన్నాడు.

"లేదు సార్, పదిహేనేళ్లుగా ఆయనే," అన్నాడు వడ్డించే అతను, గర్వంగా.

పిన్ని ఎలాగో మింగింది. "ఏవండీ, రోజూ మీరు చెప్పే ఆ వాసన ఎలా ఉంటుందన్నారు?"

"వెన్న, మిరియం, కాలిన నిమ్మతొక్క."

"ఇందులో నిమ్మ ఏదీ? బాబూ, మీ వంటింట్లో నిమ్మకాయలున్నాయా?"

"ఉన్నాయమ్మా, గిన్నెలు తోమడానికి."

పిన్ని మొగుడి వైపు తిరిగింది. "ఆ గొట్టంలోకి ఈ వంటింటి పొగ ఒక్కటే వస్తుందా?"

బాబాయి నీళ్లు నమిలాడు. "పైన... రెండు గొట్టాలు కలుస్తాయే. పక్కది కూడా..."

ఆవిడ అప్పటికే లేచింది. పక్కనే, బోర్డు కూడా లేని నాలుగు బల్లల హోటల్. గడప దాటగానే నిమ్మతొక్క వాసన. బాబాయి ముక్కు దానికదే ముందు లోపలికి వెళ్లింది, మనిషి తర్వాత వెళ్లాడు.

వంట చేస్తున్న ముసలామె ఆయన చేతులకున్న మసి చూసి పోల్చుకుంది. "ఇన్నేళ్లకి కిందికి దిగావా నాయనా? నా పొగ పీల్చి ఊరందర్నీ పక్కింటికి పంపిన పుణ్యాత్ముడివి నువ్వేనా!"

బాబాయి తల దించుకుని చేప తిన్నాడు. పిన్ని ముల్లు తెల్లబడేదాకా తింది. తిన్నాక ఆ చేపకు ఒక్క వంకా పెట్టలేదు. అది నేను కళ్లారా చూసిన ఏకైక అద్భుతం.

"రేపు మరి... డబ్బా?" అన్నాడు బాబాయి, పిల్లిలా.

"కడతాను. వారానికొక రోజు మాత్రం ఖాళీ డబ్బా ఇస్తాను. ఆ రోజు ఏ గొట్టం గీకితే ఆ వంటింటి ముందు కూర్చుని తినాలి. పక్కన నేనూ ఉంటాను."

మర్నాడే బాబాయి తప్పు దిద్దుకోవడానికి పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. "నేను పొరబడ్డానండీ. అసలు చేప పక్క హోటల్లోది," అన్నాడు.

డాక్టరు ఆయన్ని జాలిగా చూశాడు. "తిన్నారా?"

"తిన్నాను కాబట్టే చెప్తున్నా."

"అదీ సంగతి! తినకముందు మీరు బాగా చెప్పేవారు."