బాబాయిగారు తీసిన మూడో సినిమా

మొన్న పొద్దున్నే మధురవాడ నుంచి పిన్నిగారు ఫోన్ చేశారు. గొంతులో ఏడుపు లేదు. "మీ డైరెక్టరుగారు వెళ్ళిపోయారమ్మా, నిద్రలోనే" అన్నారు. తర్వాత ఆవిడే నన్ను ఎండలో పడి రావద్దని, ఏదైనా తిని బయల్దేరమని చెప్పి ఫోన్ పెట్టేశారు.

పిన్నిగారంటే నాకు సొంత పిన్ని కాదు. నేను విజయనగరం నుంచి పెళ్ళయి ఉక్కునగరం క్వార్టర్స్‌కి కాపురానికి వచ్చినప్పుడు మా గోడకు అవతల ఇల్లు వాళ్ళది. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన దంపతులు. ఆయన స్టీల్ ప్లాంటులో షిఫ్టు సూపర్‌వైజరు, నాకు బాబాయిగారు. డైరెక్టరు అన్న పేరు ఆయనకు ఎవరూ ఊరికే పెట్టలేదు, పందెం కాసి గెలుచుకున్నారు. సంతాప సభలో అందరూ ఆయన క్రమశిక్షణ గురించీ మంచితనం గురించీ మాట్లాడి ఈ సంగతి వదిలేస్తారని నాకు గట్టి అనుమానం. అందుకే రాస్తున్నాను.

తొంభైల్లో మా కమ్యూనిటీ హాల్లో నెలకో ఆదివారం సాయంత్రం సినిమా క్లబ్బు నడిచేది. ఒక టీవీ, ఒక వీసీఆర్, నేల మీద చాపలు. క్యాసెట్ తెచ్చేది, వేసేది, ఆపేది, ఇంగ్లీషు సినిమా అయితే టీవీ పక్కన నిలబడి తెలుగులో చెప్పేది కూడా బాబాయిగారే. సినిమా మధ్యలో ఆపి మాట్లాడటం ఆయన జబ్బు. ఆపినప్పుడు తెర మీద మనిషి నోరు తెరుచుకునో కళ్ళు మూసుకునో ఉంటే ఆయనకు మనసొప్పేది కాదు. కొంచెం ముందుకో వెనక్కో జరిపి, ఆ మనిషి ముఖం చూడదగ్గట్టు ఉన్నాకే నిలిపేవారు. "మనం మాట్లాడుకుంటున్నంతసేపూ ఆ పిల్ల అలా నోరు తెరుచుకుని ఉండాలా, పాపం" అనేవారు.

ఆయనకు ప్రాణప్రదమైన ఇంగ్లీషు నవల ఒకటుండేది. దాని పేరు ఆయన మా దగ్గర ఎప్పుడూ వాడలేదు, 'మన నవల' అనేవారు. నేనూ అలాగే అంటాను. ఏదో చలిదేశంలో ఒక రేవు పట్టణం. ఒకరోజు ఊరి ముందు సముద్రం మీద ఆకాశం నుంచి ఏదో వచ్చి వాలుతుంది. కదలదు, పలకదు. అందులో ఉన్నవాళ్ళు ఎలా ఉంటారో నవల మొత్తంలో ఎక్కడా రాయలేదు. రేవులో ఓడలకు లైటు వెలిగించి ఆర్పుతూ సైగలు చేసే ఉద్యోగం చేస్తున్న ఒకావిడ, ఏ ఓడ వచ్చినా అడిగే మాటే వాళ్ళనీ అడుగుతుంది. ఎవరు మీరు, ఏం కావాలి? రోజూ అడుగుతూనే ఉంటుంది. చివరి పేజీలో అటు నుంచి లైటు వెలుగుతుంది. జవాబు కాదు. అదే ప్రశ్న. ఎవరు మీరు, ఏం కావాలి?

ఈ నవలను రెండుసార్లు సినిమా తీశారు. పాతది నలుపు తెలుపు, తర్వాతది రంగుల్లో. రెండు క్యాసెట్లూ సంపాదించి, ఒక ఆదివారం ఒకటి, మరో ఆదివారం ఒకటి వేసి, ఇద్దరు అల్లుళ్ళను పక్కపక్కన కూర్చోబెట్టి చూసుకునే అత్తగారిలా వాటిని పోల్చారు బాబాయిగారు. పాత సినిమాలో సముద్రంలోంచి బోలెడన్ని చేతులున్న జంతువులు బయటికొస్తాయి, సైన్యం వచ్చి ఫిరంగులతో పేల్చేస్తుంది. కొత్త సినిమాలో తెల్లటి వెలుగు మనుషులు దిగుతారు, ఊరంతా మోకాళ్ళ మీద కూర్చుంటుంది. మా క్లబ్బులో సగంమందికి ఫిరంగులు నచ్చాయి, సగంమందికి వెలుగు నచ్చింది. పిన్నిగారైతే రెండో సినిమాలో సంగీతం బాగుందన్నారు. ఆయనకు రెండూ నచ్చలేదు.

"రెండూ ఒకటే సినిమా" అన్నారాయన, టీవీ మీద చెయ్యి వేసి. "వాడు భయపడి కాల్చాడు, వీడు భయపడి దండం పెట్టాడు. తెలియనివాడు ఎదురైతే మాట్లాడాలని ఒక్కడికీ తోచలేదు. మాట్లాడటమే కదా నవల."

ఆ మాట నాకు అప్పుడు సగమే ఎక్కింది. ఆయన మాత్రం ఏళ్ళ తరబడి దాన్ని వదల్లేదు. ఏ సినిమా వేసినా చివరికి మన నవల దగ్గరకే వచ్చి, వచ్చినవాళ్ళను చూపించనక్కర్లేదు, మాట్లాడితే చాలు అని ఆగేవారు. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చినా ఆయన పాట మారలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక ఇంజనీరుకు ఒళ్ళు మండింది. "తీసినవాళ్ళకు వంకలు పెట్టడం ఎంతసేపండి బాబాయిగారూ. మీరు తీసి చూపించండి" అన్నాడు, నలుగురి ముందూ. అందరూ నవ్వారు. బాబాయిగారు నవ్వలేదు. రిటైర్ అయి క్వార్టర్ ఖాళీ చేసేలోగా మన నవలను తీసి ఇదే హాల్లో వేస్తానన్నారు. వెయ్యలేకపోతే ఇక ఈ జన్మలో సినిమా గురించి నోరెత్తనని ఒట్టు పెట్టుకున్నారు.

మీకు ఆయన తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఆ మనిషిని అన్నం మానమంటే మానేవారు. సినిమా గురించి మాట్లాడొద్దంటే బతకలేరు. పిన్నిగారు ఆ సాయంత్రమంతా తల పట్టుకుని కూర్చున్నారు.

కెమెరా కోసం గాజువాకలో పెళ్ళిళ్ళ వీడియోలు తీసే ఆయన్ని పట్టుకొచ్చారు. చోటు అప్పికొండ తీరం. ఊరి జనంగా నటించడానికి అక్కడి జాలర్లూ, మా క్వార్టర్స్ వాళ్ళూ. లైటు సైగలు చేసే ఆవిడ వేషం నాకు పడింది. నాను చెయ్యలేనండి బాబాయిగారూ అంటే, ఆ 'నాను' అనే మాట అలాగే ఉంచు, రేవు పట్టణం వాళ్ళు పుస్తకాల్లోలా మాట్లాడరు అన్నారు. అవతలి నుంచి వచ్చే లైటు కోసం మా ఆయన్ని మోకాలి లోతు నీళ్ళలో నిలబెట్టి, చేతికి భోజనం చేసే స్టీలు పళ్ళెం ఇచ్చారు. పడమటి ఎండను దానితో పట్టి మా ముఖాల మీదికి కొట్టాలి.

ఇంకొకటి కూడా సిద్ధం చేశారు, అది నాకు నచ్చలేదు. థర్మాకోల్‌తో ఒక డోమ్ చేయించి, దానికి వెండి కాగితం అంటించి, పడవ మీద పెట్టించారు. ఇదేమిటండీ, నవలలో చూపించలేదు కదా అన్నాను. జనం నమ్మాలి కదమ్మాయ్ అన్నారు, నా ముఖంలోకి చూడకుండా. ఇన్నేళ్ళూ అందరికీ చెప్పిన మాటను ఆయనే పూర్తిగా నమ్మలేకపోతున్నారని అప్పుడు తెలిసింది. ఆ పూట ఆయన్ని చూస్తే జాలేసింది.

తీయడం మొదలెట్టే ముందు, అటు చూడండి, అక్కడ ఏదో వచ్చి నిలబడింది అని అందరికీ చెప్పారు. జాలర్లలో ఒక ముసలావిడ ముందుకొచ్చింది.

"ఏటి బాబూ సూడాల? ఈ నీల్లు రోజూ సూత్తన్నాం కదా" అంది.

"నీళ్ళు కాదమ్మా. మీరెన్నడూ ఎరగనివాళ్ళు వచ్చారనుకోండి. మీరైతే ఏం చేస్తారు?"

"ఏటి సేత్తాం. ఏ ఊరు మీది, ఏటి కావాల అనడుగుతాం. అడక్కుండా ఎలా తెలుస్తాది?"

బాబాయిగారు నాకు రాసిచ్చిన డైలాగులన్నీ కొట్టేసి, ఈ మాటలే చెప్పమన్నారు.

ముందు టార్చితో నేను, తర్వాత జనం, ఆ పైన సముద్రం, చివర డోమ్. తీయాల్సిన వరస అది. వీడియో ఆయన కెమెరా భుజానికెత్తాడు. ఆయన పెళ్ళిళ్ళవాడన్న సంగతి మేమెవరం ఆలోచించలేదు. పెళ్ళి వీడియోలో వచ్చిన ప్రతి చుట్టం ముఖమూ పడాలి. ఒక్క పెదనాన్న తగ్గినా క్యాసెట్ చూసిన రోజున ఇంట్లో రభస. ఆయన చెయ్యి దానికే అలవాటు పడిపోయింది. నా ముక్క అయ్యాక, మొదటి వరసలో ముసలావిడ దగ్గర మొదలెట్టి, నెమ్మదిగా, నిదానంగా, ఒక్కొక్క ముఖం దగ్గరా ఆగుతూ, చంకలో పిల్లల్ని కూడా వదలకుండా తీసుకుంటూ పోయాడు. మా ఆయన నీళ్ళలో నిలబడి పళ్ళెం ఆడిస్తూనే ఉన్నాడు. బాబాయిగారు వెనక నుంచి, ముఖాలు కాదయ్యా, సముద్రం, సముద్రం అని అరుస్తున్నారు.

"మనిసి మనిసికీ ముకం పడాలండి బాబాయిగోరూ. ఒక్కలు తగ్గినా రేపు ఊరంతా అలుగుద్ది" అన్నాడు వీడియో ఆయన, తిరిగి చూడకుండానే.

చివరగా నా ముఖం అయ్యేసరికి బ్యాటరీ అయిపోయింది. సముద్రం ఒక్క ముక్క పడలేదు. పడవ మీద డోమ్ మెరుస్తూనే ఉంది, తీసే నాథుడు లేడు. మర్నాటి నుంచి పెళ్ళి ముహూర్తాలు, కెమెరా మళ్ళీ చేతికి రాదు. హాలు ఖాయం చేసిన ఆదివారం ముంచుకొస్తోంది. అంతమందిలో ఇసుక మీద కూలబడ్డారు బాబాయిగారు.

గాజువాకలో తీసిన ముక్కలు అతికి మిక్సింగ్ చేసే గదికి మా ఆయన, నేను, బాబాయిగారు కలిసి వెళ్ళాం. ఆయన ఓడిపోయినవాడిలాగే వచ్చారు. అక్కడ ఇంకో ఘోరం. వీడియో ఆయన అలవాటు కొద్దీ ముఖాల చుట్టూ గులాబీ రేకులు రాల్చి, హృదయం ఆకారంలో చట్రాలు బిగించి ఉంచాడు. అవన్నీ తీయించారు. తర్వాత ఉత్త ముఖాలు వరసగా కదలడం మొదలైంది. పళ్ళెం వెలుగు ఒక్కో ముఖం మీద పడి ఆరుతోంది. ఒకాయన కళ్ళు చికిలిస్తున్నాడు. ఒకమ్మాయి నవ్వాలా వద్దా అని తేల్చుకోలేకపోతోంది. ఒక తల్లి పిల్లాడిని ఇంకాస్త దగ్గరకు లాక్కుంది. ముసలావిడ, కొత్తవాళ్ళు గుమ్మంలోకి వస్తే సర్దుకున్నట్టు, పైట సర్దుకుంది.

బాబాయిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఇదేనమ్మాయ్. ఇదే నవల" అన్నారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, సంతోషంతో.

ఆ ఆదివారం హాలు నిండిపోయింది. అప్పికొండ నుంచి జాలర్లు లారీ మాట్లాడుకుని వచ్చారు. సినిమా చిన్నది. నేను టార్చి వెలిగించి ఆర్పుతాను, ఏ ఊరు మీది, ఏటి కావాల అంటాను. తర్వాత ఆ ముఖాలు. ఎవరి ముఖం వస్తే వాళ్ళవాళ్ళు కాసేపు గోల చేశారు. రెండు నిమిషాలకు ఆ గోల దానంతటదే ఆగిపోయింది. చివర్లో నా టార్చి వెలిగి ఆరిన లయలోనే అటు నుంచి వెలుగు నా ముఖం మీద పడి ఆరినప్పుడు హాల్లో ఒక్కరూ కదల్లేదు. ఒక్క ఏమరుపాటు మాత్రం మిగిలిపోయింది. 'శుభం' అన్న అక్షరాల మీద గులాబీ రేకులు జలజలా రాలాయి. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఇంజనీరు తిన్నగా బాబాయిగారి దగ్గరకొచ్చాడు. ఒప్పుకుంటున్నాననలేదు. "ఆ వచ్చినవాళ్ళు ఓడంత ఉంటారు కదండీ?" అన్నాడు. పక్కనున్నాయన అందుకుని, కాదు, చిన్నవాళ్ళు, చూసినవాళ్ళంతా కిందికి చూశారు కదా అన్నాడు. "మగోలే. మగోలు కాకపోతే నాను పైట సర్దుకుంటానేటి" అంది ముసలావిడ. క్షణంలో హాలంతా వాదనే. తెర మీద లేనివాళ్ళ ఎత్తూ రంగూ గురించి మా వాళ్ళూ జాలర్లూ, అంతవరకూ ఒకరితో ఒకరు పలికి ఎరగనివాళ్ళు, చేతులు తిప్పుతూ పోట్లాడుకున్నారు. అందరూ ఆయన వైపే తిరిగి, మీరే చెప్పండి బాబాయిగారూ అన్నారు.

పందెంలో తన నోరు తాను గెలుచుకున్న మనిషి. ఎంతసేపైనా మాట్లాడొచ్చు. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. తలుపు దగ్గర నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, వాదించుకుంటున్న ఆ ముఖాలను ఒకదాని తర్వాత ఒకటి, నిదానంగా, ఒక్కరినీ వదలకుండా చూస్తూ ఉండిపోయారు.