పక్కన దగ్గిన మనిషి

దయ్యాల కథలు చెప్పేవాళ్ళని చూస్తే నాకు నవ్వొచ్చేది. రాజమండ్రి కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, కంటితో చదివిందే నమ్మేవాణ్ణి. చిక్కల్లా, ఇది నేను కంటితో చదివిందే.

తొంభైల చివర్లో కోనసీమ వైద్యుల కుటుంబం ఒకటి వాళ్ళ తాటాకుల కట్టను నకలు రాయమని నాకిచ్చింది. పద్దెనిమిదో శతాబ్దం నాటివి. ఆ పాత రాత వాళ్ళింట్లో ఎవరికీ రాదు.

అప్పుడే మా చెల్లెలు సుభద్ర నరసాపురం నుంచి పురిటికి వచ్చింది. ఏడో నెల. దగ్గు, నీరసం. కడుపుతో ఉన్నవాళ్ళకి మామూలేనని అమ్మ మిరియాల పాలు ఇచ్చేది.

ఒక మధ్యాహ్నం నేను ఆకులు చదువుతుంటే, తను పక్కన కూర్చుని లేసు అల్లుకుంటోంది. ఒక ఆకు మీద ఎవరో గర్భిణి జబ్బు గురించి ఉంది. "కడుపు పెరుగుచుండగా భుజములు కరుగుచున్నవి. సాయంకాలము జ్వరము. ఇది క్షయ" అని పైకి చదివాను. గర్భిణి కనుక వాంతులు, విరేచనాలు చేయించకూడదనీ, తేనె కలిపిన అడ్డసరం ఆకు రసం, మేకపాలు ఇవ్వాలనీ ఆ వైద్యుడు రాశాడు.

సుభద్ర చేతిలో సూది ఆగింది.

"నాకూ సాయంత్రమైతే ఒళ్ళు కాలుతోంది అన్నయ్యా. అమ్మతో చెప్పలేదు. ఇంకోటి... నేను పడుకుంటే పక్కన ఎవరో దగ్గుతున్నారు. ఆడమనిషే."

"నీ దగ్గే నీకు వినిపిస్తోందేమో."

"కాదు. నాది ఆగాక ఆవిడది మొదలవుతుంది."

తరువాతి ఆకు తీశాను. గంటంతో గీసిన గీతల్లోకి మసి రాస్తేగాని అక్షరాలు కనపడలేదు. "తన ప్రక్కన మరియొక గర్భిణి దగ్గుచున్నదని ఈమె చెప్పుచున్నది. ఇంట మరెవ్వరును లేరు." అక్కడికి ఆకు విరిగిపోయి ఉంది.

ఇది మాత్రం నేను పైకి చదవలేదు.

మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కళ్ళె పరీక్షలో టీబీ అని తేలింది. "కడుపు పెరుగుతుంటే మనిషి చిక్కిపోవడం ఎవరూ గమనించరండి. త్వరగానే తెచ్చారు మాస్టారూ" అన్నారు డాక్టరమ్మగారు. బిడ్డకు మంచిది కాదని, టీబీకి మామూలుగా ఇచ్చే ఇంజెక్షన్ మానేసి మాత్రలే ఇచ్చారు.

ఆకులోని ఆవిడదీ సుభద్రదీ జబ్బు ఒకటే గనక జ్వరమూ, చిక్కిపోవడమూ కలిశాయంటే ఒప్పుకుంటాను. ఆ దగ్గు సంగతే నాకు అంతుపట్టదు.

నెల దాటాక సుభద్ర దగ్గు తగ్గింది. ఆ తరువాత ఇంకో వారం ఆవిడ దగ్గు వినిపించిందట. ఆపైన అదీ ఆగిపోయింది.

"ఆగిందంటే, ఆవిడకి తగ్గిందనేనా అన్నయ్యా?" అని అడిగింది సుభద్ర.

తనకు పండులాంటి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల ఇప్పుడు ఉద్యోగం కూడా చేస్తోంది. విరిగిన ఆ ఆకు మిగతా ముక్క మాత్రం నాకు ఈరోజుకీ దొరకలేదు.