లోపలివైపు అద్దం

ఐసక్క చేతులు ఎండాకాలంలో కూడా చల్లగానే ఉంటాయి. అందుకే ఆ పేరు. చేపలు కోసి ఐసులో పేర్చే ఫ్యాక్టరీలో చేరినప్పుడు ఆమెకింకా పెళ్ళి కాలేదు. ఇప్పుడు జుట్టు సగం నెరిసింది, వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయి. పలచటి గ్లవ్స్ ఇచ్చి పని చేయించుకుని, చేతులు పట్టు తప్పాక అది వయసు వల్ల వచ్చిందని చెప్పే కంపెనీ అది. అక్కడ చేపని చేప అనరు. సరుకు అంటారు. సరుకు దిగింది, సరుకు పాడైంది, సరుకు చాలలేదు. ఆమె చేతుల మీదుగా సముద్రమంత సరుకు వెళ్ళిపోయింది గానీ, ఈదే చేపని మాత్రం ఒక్కసారైనా నిమ్మళంగా చూసి ఎరగదు.

కలలో చూసేది. గది నిండా నీళ్ళు. మంచం కింది నుంచి చేపలు వచ్చి గిన్నెల మధ్యగా తిరిగి కిటికీ దాకా వెళ్ళేవి. కత్తి ఎక్కడ పెట్టిందో గుర్తుండేది కాదు, వెతకాలనీ అనిపించేది కాదు. మెలకువ వచ్చాక కూడా ఆ హాయి కాసేపు ఒంటిని అంటిపెట్టుకుని ఉండేది.

షాపులకు షోకేసులు చేసే వడ్రంగి ఆమె తమ్ముడు. పాత ఆఫీసు కౌంటరు ఒకటి ఊడదీశానని, ప్లైవుడ్ దళసరిగా ఉందని, మందపాటి అద్దం కూడా మిగిలిందని మాటవరసకు చెప్పాడు.

"దాంతో నాకు చేపల తొట్టి చెయ్యి" అంది.

"ఎంత తొట్టక్కా?"

"నేను పడుకుంటే పట్టేంత."

తమ్ముడు నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు.

ఉన్నది ఒక గదీ, వంటిల్లూ. ఖాళీ గోడంటూ ఉంటే, లేవలేని అత్త మంచం ఆనుకున్న గోడే. అత్త మాత్రం, ఆ సున్నం పెచ్చులు చూసీ చూసీ కళ్ళు కాయలు కాశాయి, మంచం ఇటు లాగండి, ఇక చేపల్నే చూస్తాను అంది. చిక్కల్లా మొగుడితోనే. అతనిది పంక్చర్ల షాపు. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ ట్యూబుల్ని నీళ్ళలో ముంచి చిల్లులు వెతుకుతాడు. ఇంట్లో కూడా ఆ పీడ ఎందుకంటాడు.

"నేను నీళ్ళలో గాలి కోసం వెతుకుతుంటే, నువ్వు గాల్లో నీళ్ళు నిలబెడతానంటావు. చేసుకో. ఒక్క చుక్క నేల మీద పడిందో, ఆ చెక్క పొయ్యిలోకే" అన్నాడు.

సెలవు దొరికినప్పుడల్లా అక్కా తమ్ముడూ పనిలో దిగారు. పలకలకు జిగురు రాసి మరలు బిగించారు. పక్కలు ఉబ్బకుండా పైన అడ్డపట్టీ వేశారు. లోపల చెక్క నానకుండా ఎపాక్సీ పూత వేసే పని ఆమెది. తొట్టిలో మఠం వేసుక్కూర్చుని, మూలమూలకీ బ్రష్షు పోనిస్తూ, ఒక పూత ఆరాక ఇంకొకటి వేసింది. అందులో కూర్చుంటే ఇల్లంతా దూరమైపోయేది. అత్త దగ్గు, వీధిలో హారను, కుళాయి చప్పుడు ఏదో లోతులోకి మునిగి తన దగ్గరికి వస్తున్నట్టుండేవి. పూత నిగనిగల్లో తన నీడే మెల్లగా ఈదేది. అన్నానికి రమ్మని రెండుసార్లు పిలిస్తే గానీ పలికేది కాదు.

చివర్న తమ్ముడు అద్దం బిగించాడు. అలవాటు ప్రకారం ముందు పలకలో కోసిన కంతకు బయటి నుంచి పెట్టి, చుట్టూ బీడింగు చెక్కలు కొట్టి, సందుల్లో సిలికాన్ జిగురు పూశాడు. అతని చేతి అద్దాలన్నీ అలా బిగించినవే. షోకేసులో చీరలు గానీ బిస్కెట్లు గానీ ఏనాడూ అద్దాన్ని తోయవు మరి.

ఆదివారం మధ్యాహ్నం పైపు పెట్టారు. నీళ్ళు పాకుతూ, నిలబడుతూ, వెలుతురు పట్టుకుని పైకి వస్తున్నాయి. గోడ మీద అలలు కదిలాయి. మంచం మీది అత్త ముడతల మొహం మీదా కదిలాయి. ఐసక్క ఊపిరి బిగబట్టి చూస్తోంది. సగం నిండగానే బీడింగు కిర్రుమంది. సిలికాన్ రబ్బరులా సాగింది. దారంలా మొదలైన నీళ్ళు చాపలా విచ్చుకున్నాయి. ఆమె రెండు చేతులూ అద్దానికి ఆనించి నిలబడింది. తమ్ముడు బకెట్లతో తోడుతున్నాడు. సరిగ్గా అప్పుడే మొగుడు గుమ్మంలోకి వచ్చాడు.

అతను నేల మీద తడిసిన పరుపు చుట్టి ఎండలో వేసి వచ్చి, తొట్టి దగ్గర నిలబడ్డాడు. తమ్ముడు తల వంచుకుని, తప్పు నాదే బావా, ఊడదీసి పట్టుకుపోతానన్నాడు.

ఆమె అతని మాట వినలేదు. అరచేతుల్లో ఇంకా ఆ తోపుడు ఉంది. వేళ్ళకు చల్లదనం తెలియదు గానీ, బరువు తెలిసింది. ఫ్యాక్టరీ కోల్డ్ రూము తలుపు గుర్తొచ్చింది. ఒకావిడ లోపల ఇరుక్కుపోయాక, ఆడవాళ్ళంతా పని ఆపి గేటు దగ్గర కూర్చుని సాధించుకున్న తలుపు అది. లోపలి నుంచి భుజంతో తోస్తే చాలు, తెరుచుకుంటుంది.

"మనిషికైతే తోస్తే తెరుచుకునే తలుపు కావాలి. నీళ్ళకి వద్దురా" అంది. "తోసేకొద్దీ బిగుసుకోవాలి. అద్దం లోపలివైపు నుంచి పెట్టు."

తమ్ముడు బావ వైపు చూశాడు. ఆమె కూడా మొగుడి వైపు తిరిగింది.

"ఏవయ్యా, నీ దగ్గరికొచ్చేవాళ్ళు పంక్చరు పడిందని బండి తగలబెడుతున్నారా?"

అతను వంగి, వదులైన బీడింగు మీద వేలు పోనిచ్చాడు. "అతుకేసి మళ్ళీ ముంచుతాం" అని మాత్రం అన్నాడు.

అద్దం లోపలికి మారింది. సిలికాన్ పుల్లవాసన పోయేదాకా ఎవరూ తొందరపడలేదు. ఈసారి పైపు పట్టుకున్నది మొగుడే. తొట్టి కింద, చుట్టూతా పాత పేపర్లు పరిచాడు, చుక్క పడితే మచ్చ దాగదని. అంచుదాకా నిండినా అద్దం చప్పుడు చెయ్యలేదు. రోజూ షాపుకు వెళ్ళేముందు వంగి పేపరు మీద అరచెయ్యి వేసి చూసేవాడు. వారం గడిచాక పేపర్లన్నీ పొడిగా మడిచి అవతల పారేశాడు. పొయ్యి ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఆమె చేపలు తెచ్చి వదిలింది. ఖరీదైనవి కావు, బూడిదరంగు పిల్లచేపలు. ఒకటి అద్దం దగ్గరికొచ్చి ఆగింది. దాని మొప్ప తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఆ చోటు ఆమెకు బాగా తెలుసు. కత్తి మొదట దిగేది అక్కడే. అది ఇలా కదులుతుందని మాత్రం తెలియదు.

"ఊపిరి తీస్తోందత్తా" అంది మెల్లగా.

అత్త అప్పటికే నిద్రలోకి జారుకుంది. ఆమె మొహం మీద నీళ్ళ వెలుగు కదులుతోంది. ఐసక్క పక్కనే నేల మీద కూర్చుని, ఆ చేపతో పాటు ఊపిరి తీస్తూ ఉండిపోయింది.