వెనక సీటు పెద్దాయన చెప్పిన కొండదారి

మొన్న శుక్రవారం పొద్దున ఇక్కడ ఖతర్‌లో, లుసైల్ వైపు ఒక ఆఫీసరు గారి ఫ్లాటుకు, గదిలోనే నిలబెట్టి తొక్కే సైకిలు బిగించి రమ్మని మా షాపువాళ్ళు నన్ను పంపారు. వెనక చక్రం తీసేసి ఆ చోట ఒక యంత్రం తగిలిస్తే, ఎదురుగా టీవీ తెరమీద రోడ్డు కదులుతుంది, తెరలో ఎత్తు వస్తే ఇక్కడ పెడల్ బరువెక్కుతుంది. అంతా బిగించాక ఆయన తెరమీద దారులు ఒక్కొక్కటీ మారుస్తూ చూస్తుంటే, పచ్చటి కొండల మధ్య నల్లరాతి ఇళ్ళ ఊరొకటి వచ్చింది, ఇరుకు వంతెన దాటి రోడ్డు కుడికి తిరిగింది, ఆ మలుపు దాటగానే రాతి నీళ్ళతొట్టి వస్తుందని నాకు ముందే తెలిసిపోయింది. వచ్చింది కూడా. ఆయన చాయ్ తాగి వెళ్ళమన్నా ఆగలేకపోయాను. ఈ వారమంతా కూర్చున్నచోట కూర్చోలేక, షాపులో ఉన్న పని వదిలి లేని పని వెతుక్కుంటూ తిరుగుతున్నాను. గల్ఫులోనే తల నెరిసిన నా ఈడువాళ్ళకైతే ఈ అవస్థ అర్థమవుతుందని రాస్తున్నాను.

మాది జగిత్యాల వైపు పల్లె. చిన్నప్పటి నుంచి మేనమామ సైకిల్ షాపులో పంచర్లు వేసి, చక్రాలకు వంకర తీసి పెరిగినవాణ్ణి, ఖతర్‌కు వచ్చింది మాత్రం సైటు పనికి. అల్ వక్రా దగ్గర మా క్యాంపులో సైకిళ్ళు ఉన్నవాళ్ళంతా శుక్రవారం నా గది ముందుకు వచ్చేవాళ్ళు. అలా ఒకనాడు మా కంపెనీ ఇంజినీరు, ఫ్రాన్సు దేశస్థుడు, ఎవరో చెప్పగా తన సన్నచక్రాల సైకిలు పట్టుకుని వచ్చాడు. నేను చక్రం తిప్పి, గోరు ఆనించి, చప్పుడు విని వంకర తీయడం దగ్గరకు వంగి చూశాడు. ఆనాటి నుంచి ఆయన సైకిళ్ళు నా చేతికే వచ్చేవి, తర్వాత ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలోని ఈ సైకిల్ షాపులో పని దొరికింది కూడా ఆయన మాట సాయంతోనే.

ఆ ఇంజినీరు సార్ పుట్టింది ఫ్రాన్సులో ఓవెర్న్ అనే కొండసీమలో. ఇక్కడ చూస్తే నేల అరచేయిలా చదునుగా ఉంటుంది, అందుకని ఆయన శుక్రవారం తెల్లవారుతూనే ఒక ఫ్లైఓవర్ ఎక్కి దిగి, మళ్ళీ ఎక్కి దిగి, ముప్పై నలభై సార్లు తిరిగేవాడు, నేను కింద నీళ్ళసీసా, పంపూ పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఎత్తు ఎక్కకపోతే కాళ్ళు నిద్రపోనివ్వవని వచ్చీరాని హిందీలో చెప్పేవాడు. పిచ్చి అనుకునేవాణ్ణి, అది అంటుకునే జబ్బని అప్పుడు తెలియదు.

సార్‌కు ఒక అన్న ఉన్నాడు. ఆ కొండల్లో ముప్పై ఏళ్ళు సైకిలు మీద ఉత్తరాలు పంచిన పోస్ట్‌మన్, చివరికి ఏదో జబ్బుతో మెల్లమెల్లగా రెండు కళ్ళ చూపూ పోయింది. తన పాత దారులన్నీ ఒక్కసారి మళ్ళీ తొక్కాలన్నది ఆ పెద్దాయన కోరిక. సార్ ఉద్యోగం మానుకుని వెళ్ళిపోయే ఏడు, ఇద్దరు ముందువెనక కూర్చుని తొక్కే పొడుగాటి సైకిలు కొని, దానికి మెకానిక్‌గా మూడు వారాలు రమ్మని నన్ను అడిగి, కాగితాలన్నీ తానే చూసుకున్నాడు. మా ఆవిడకు ఫోన్ చేసి ఫ్రాన్సుకు పోతున్నానంటే, అది దుబాయ్‌కి ఎంత దూరమని అడిగింది.

ముందు సీటులో సార్, వెనక పెద్దాయన, వాళ్ళ వెంట సార్ భార్య, మేడమ్, నడిపే వ్యానులో నేను, అదీ ఏర్పాటు. రెండో రోజు సాయంత్రానికే అది చెడింది. రొట్టె తేవడానికి తన సైకిలు మీద ఒక్కడే బయల్దేరిన సార్ తడిరోడ్డు మీద జారిపడి మెడ కింది ఎముక విరగ్గొట్టుకున్నాడు. మర్నాడు పొద్దున బల్ల దగ్గర, చేయి మెడకు కట్టుకుని, ఇక ఇంటికి పోదామని అన్నకు చెప్పాడు. పెద్దాయన సరేనన్నట్టు తల ఊపాడు. కానీ బల్ల కింద ఆయన పాదాలు రెండూ మెల్లగా తిరుగుతున్నాయి, పెడల్ తొక్కుతున్నట్టు. అవి చూశాక నేను ఊరుకోలేకపోయాను.

"సార్, ముందల నేను కూసుంట," అన్నాను.

నా తెలుగు అర్థమై కాదు, నేను చేత్తో ముందు సీటు చూపించాను గనక ఆయనకు తెలిసింది. ఇవి ఫ్లైఓవర్లు కావన్నాడు. దారి తెలియదు, భాష రాదు అన్నాడు. దారి పెద్దాయన చెబుతాడు, చూడటం నేను చూస్తాను అని నాకు వచ్చిన హిందీలో చెప్పాను. మేడమ్ ఆ మాట పెద్దాయనకు వాళ్ళ భాషలో చెప్పగానే ఆయన లేచి చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

మూడు మాటలు నేర్చుకున్నాను. గోష్ అంటే ఎడమ, ద్రువాత్ అంటే కుడి, దూస్మాఁ అంటే మెల్లగా. ఈ చివరిది నా చెవికి ఉర్దూ దుష్మన్‌లా పడేది, మలుపు మలుపుకూ శత్రువు ఎక్కడున్నాడా అని తలెత్తి చూసేవాణ్ణి. దారి ఆయనకు ఒంట్లో ఉండేది. కోసిన కట్టె వాసన వస్తే ఒక మలుపు, పశువుల కొట్టం వాసన వస్తే ఇంకొకటి, అవి రాకముందే నా వీపు మీద వేళ్ళతో తట్టేవాడు. ఎక్కుడులో నా ఊపిరి తెగిపోతున్నా ఆయన కాళ్ళు ఆగేవి కావు. నీళ్ళకు ఆగితే పెడల్ వెనక్కు తిప్పుతూ కూర్చునేవాడు, రాత్రి బసలో భోజనం కాగానే బల్ల చుట్టూ తిరిగేవాడు. రెండు రోజుల్లో నేనూ అంతే అయ్యాను.

నాలుగో రోజు ఒకచోట గోష్ అని తట్టాడు. ఎడమకు దారి లేదు. కొత్త రోడ్డు తిన్నగా పోతోంది, పాతదానికి ఇనుప కడ్డీ అడ్డం పెట్టారు, అవతల నడుమెత్తు గడ్డి. ఆపాను. ఆయన కోపంగా మళ్ళీ మళ్ళీ గోష్ అంటుంటే, చేయి పట్టి తీసుకెళ్ళి కడ్డీ మీద, తర్వాత గడ్డి మీద పెట్టాను. ఆ గడ్డిని పైనుంచి కింది దాకా తడిమి చాలాసేపు నిలబడ్డాడు. చివరికి నా దగ్గర నేర్చిన అరబ్బీ మాట తానే అన్నాడు, యల్లా, పోదాం పద, అని.

ఆఖరి రోజు ఆఖరి కొండ, మేడమ్ వ్యాను ముందే ఇంటికి వెళ్ళిపోయింది. ఎక్కి, అవతలికి దిగుతున్నాం. ఇద్దరి బరువుతో సైకిలు రాయిలా దూసుకుపోతోంది, బ్రేకు నుంచి కాలిన రబ్బరు వాసన వచ్చింది. రిమ్ము ఇంకాస్త వేడెక్కితే ట్యూబు పేలుతుంది, పక్కనేమో లోయ. మెల్లగా ఒడుపుగా ఆపేశాను. ఇంటివాకిలి అంత దగ్గరకొచ్చి ఆగడం పెద్దాయనకు నచ్చలేదు, వీపు మీద గుద్దుతూ పోనిమ్మంటాడు. నేను కదల్లేదు. ఆయన దిగి, వంగి, రిమ్ము తడిమి వేలు కాల్చుకున్నాడు. ఆ వేలు నోట్లో పెట్టుకుని, వచ్చి నా పక్కన గట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి తన కళ్ళను ముట్టుకుని, చేయి ముందుకు చాపాడు. ఏం కనబడుతోందని అడుగుతున్నాడు.

నాకు ఉన్న మూడు మాటలూ దానికి పనికిరావు. అందుకని తెలుగులోనే మొదలుపెట్టాను.

"కింద ఊరున్నది పెద్దయ్యా, పది పదిహేను ఇండ్లు, అన్నీ నల్లరాయియే. ఎర్ర ఆవులు మేస్తున్నయి, వాటి గంటలు నీకు ఇనబడుతనే ఉన్నయి. అవతలి కొండ మీద మబ్బు నీడ వడ్డది, మెల్లగ మన దిక్కే వస్తున్నది."

ఆగితే మోచేత్తో పొడిచాడు. "ఆంకోర్," అన్నాడు. ఇంకా అని, మేడమ్ వడ్డించేటప్పుడు విన్న మాట. రిమ్ము చల్లారేదాకా చెప్పాను, చల్లారాక కూడా చెప్పాను. అంతసేపూ ఆయన పాదాలు కదలలేదు, నావీ కదలలేదు. తర్వాత దిగి, ఇరుకు వంతెన దాటి, కుడికి తిరిగి, రాతి నీళ్ళతొట్టి పక్కనున్న ఆయన ఇంటికి చేరాం, ఆయన నా రెండు చెంపలూ ముద్దు పెట్టుకుని లోపలికి వెళ్ళాడు. రెండు చలికాలాలు గడిచాక పెద్దాయన పోయాడని సార్ ఫోన్ చేశాడు. ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి.

కొండలు దిగినా కాళ్ళకు పట్టిన ఆ తీట దిగలేదు. సెలవుకు ఊరికి పోతే మూడో రోజే మనసు ఎటో లాగుతుంది. వీసా అయిపోవస్తోంది, ఇక వచ్చి కూర్చోమంటుంది మా ఆవిడ, నాకేమో ఆ కూర్చోవడమే చేతకాదు. క్యాంపు రోజుల్లో ఊరికి పోయేవాడి చేతికి మా మాటలు రికార్డు చేసిన క్యాసెట్టు ఇచ్చి పంపేవాళ్ళం. సముద్రం చూపించాలంటే మాటల్లోనే చూపించాలి, నేను అరగంట చెబితే, నీళ్ళు పచ్చగుంటయా నీలంగుంటయా, అవతలి ఒడ్డున ఏముంటదని ఆవిడ తిరుగు క్యాసెట్టులో అడిగేది. నిన్న సాయంత్రం వక్రా ఒడ్డున పడవలు వస్తుంటే ఆవిడకు ఫోన్ చేసి, ఎదురుగా ఉన్నది ఉన్నట్టు చెప్పడం మొదలుపెట్టాను. రెండు మాటలు వినగానే, "గంతసేపు చెప్పుడెందుకు, ఒక ఫోటో పెట్టుండ్రి," అంది. పెట్టాను. చెప్పే శ్రమ తప్పిందని సంతోషించాలో, ఇంకా చెప్పు అనేవాళ్ళు లేకుండా పోయారని బాధపడాలో తేలక, ఒడ్డు వెంట ఆ కొస నుంచి ఈ కొసకు చీకటి పడేదాకా నడుస్తూనే ఉన్నాను.