ఎనిమిది వాలు గీతలు

ఒక బరువు ఉంది నా దగ్గర. దించుకునే చోటు దొరక్క ఇన్నేళ్లూ మోశాను. దేవుడి ముందు కూర్చున్నా అదే, కండెలు చుడుతున్నా అదే. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. అందుకే ఈ కాగితం మీకు రాస్తున్నాను. జాలి పడమని అడగను. తెలియక చేసింది కాదు.

మాది మగ్గం పని. తెలంగాణ నుంచి సూరత్ వచ్చి ఉధ్నాలో స్థిరపడ్డాం. కొడుకు జోల్వాలో మరమగ్గాల కార్ఖానాకు వెళ్లేవాడు. ఇంట్లో నేను, నా మనవరాలు రజిత కండెలకు దారం చుట్టేవాళ్లం. తల్లి పోయిన పిల్ల. నేనే పెంచాను. పెంచాను కాబట్టి నాదే అనుకున్నాను. తప్పంతా అక్కడే మొదలైందా? ఏమో.

మా వెనక వీధిలో రైల్వేలో పనిచేసే ఆంధ్రా సారు ఉండేవాడు. ఆయనకో ఆర్కెస్ట్రా ఉంది. ఇంట్లో కంప్యూటరు కూడా ఉంది. రజిత చిన్నప్పటి నుంచి అక్కడ కీబోర్డు నేర్చుకునేది. పెద్దయ్యాక ఆ కంప్యూటరులోనే పాటలకు వాద్యాల స్వరాలు రాయడం పట్టుబడింది. ఏ వాద్యానికి ఆ వాద్యం కాగితం వేరుగా తీసి ఇచ్చేది. వేణువు కాగితం నిండా చుక్కలు, తోకలు. డ్రమ్ముల కాగితంలో మాత్రం గడి గడికి నాలుగేసి వాలు గీతలు, అంతే. సారు ప్రింటరు పాతది, గీతలు వెలిసిపోయినట్టు వచ్చేవి. వాటిని ఇంటికి తెచ్చి నల్ల పెన్నుతో దిద్దేది.

ఒకరోజు అడిగాను.

"ఏందే ఇవి? పొయ్యిల కట్టెలు పేర్చినట్టు?"

"ఒక్కో గీత ఒక్కో దెబ్బ బాపమ్మా. ఈడ నీకు నచ్చినట్టు వాయించుకో, లెక్క మాత్రం తప్పకు అని."

"వాయించేటోడు వానికి నచ్చినట్టు వాయిస్తుంటే, నువ్వు రాసుడేంది మల్ల?"

నవ్వింది. "గిదిగో, గడి నడుమ ఈ నల్ల ముక్క చూడు. ఇది ఉంటే చేతులు కట్టుకొని కూసోవాలె. ఎప్పుడు ఊకోవాలెనో చెప్పుడే నా పని."

"ఊకుండమని చెప్పనీకి కంపూటరు గావాల్నా? నేను నోటితోని చెప్తలేనా మీ నాయనకు?"

పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ నల్ల ముక్క నా మనసులో ఉండిపోయింది.

కొన్నాళ్లకు వరాఛాలో ఒక హాలులో కార్యక్రమం పెట్టారు. బొంబాయి నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నాడు. సినిమా పాటలకు ఇలాంటి కాగితాలు రాయించే మనిషి. రజిత రాసింది సరిగ్గా పలికితే తన దగ్గర పనికి పెట్టుకుంటానని సారుతో అన్నాడు. ఆ వారమంతా పిల్ల కాళ్లు నేల మీద లేవు. ఎప్పుడూ వాయించే డ్రమ్మరుకు జ్వరమొచ్చింది. పక్కనున్న కిమ్ ఊరి నుంచి కొత్తవాడు నేరుగా హాలుకే వస్తాడన్నారు. "చూడు బాపమ్మా, ఒక్కసారి గూడ వాయించి చూడకుండ, ఉత్త నా కాగితం చూసి వాయిస్తడు" అని సంబరపడింది. అదే నాకు దారి చూపించింది.

ఆ రోజు మధ్యాహ్నం కాగితాలు దిద్దడం అయింది. ఉప్పు తెమ్మని రజితను దుకాణానికి పంపాను. డబ్బాలో ఉప్పు ఉంది. నా బతుకులో అవసరం లేకుండా కొన్న సరుకు అదొక్కటే.

డ్రమ్ముల కాగితం బయటికి తీశాను. పాట నడుమ రెండు గళ్లలో అందరూ ఆగాలి. పాడే అమ్మాయి గొంతు ఒక్కటే వినిపించాలని రజితే చెప్పింది. నేను బడికి వెళ్లింది కొద్ది నెలలే. పలక మీద గీతలు దిద్దడం దగ్గరే మానిపించి దారం పనిలో కూర్చోబెట్టారు. అక్షరాలు తర్వాత ఎప్పుడో కూడబలుక్కున్నాను. గీతలు మాత్రం ఎన్నడూ మరిచిపోలేదు. పాత సంచి కాగితం మీద గీసి చూసుకున్నాను. తర్వాత గడికి నాలుగు చొప్పున ఎనిమిది గీతలు, రజిత చెయ్యి ఎలా వాలుతుందో అలాగే వాల్చి గీశాను. నల్ల ముక్కల మీద నుంచి లావుగా లాగాను. సిరా ఆరిపోతుందని పెన్నుకు మూత పెట్టాను. సంచి కాగితం పొయ్యిలో వేసి ఆ మంట మీదే చాయ్ కాచాను. రజిత వస్తే ఆ చాయ్ దానికీ పోశాను.

ఎందుకు చేశాను? ఇంట్లో పనికి రెండు చేతులు తగ్గుతాయని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. నన్ను పలక దగ్గర నుంచి లేపేశారు, దీన్ని మాత్రం ఎవరూ లేపలేదు, పైగా బొంబాయి నుంచి వచ్చి మరీ పిలుస్తున్నారు, ఆ మంట. సొంత మనవరాలి మీద.

హాలులో నేను ముందు వరసలో కూర్చున్నాను. పాట బాగానే సాగింది. ఆగాల్సిన చోట అందరూ ఆగారు. అమ్మాయి గొంతెత్తింది. డ్రమ్ములు ఆగలేదు. అమ్మాయి బెదిరి ఆపేసింది. డ్రమ్ము ఒక్కటే ధనధనమంటూ పోతోంది. వెనక నుంచి ఈలలు, నవ్వులు. బొంబాయి మనిషి ముఖం తిప్పుకున్నాడు. నిజం చెబుతున్నాను, అప్పుడు నా కడుపు చల్లబడింది. తీయగా అనిపించింది.

డ్రమ్మరు కాగితం ఎత్తి చూపించాడు. "మేరే కాగజ్ మే తో యహీ లిఖా హై!" నా కాగితంలో ఇదే రాసి ఉందని. సారు దాన్ని రజిత చేతికిచ్చి, నువ్వేనా గీసిందని అడిగాడు. అది చాలాసేపు చూసింది. "నా పెన్నే సార్. నేనే గీసి ఉంటా" అంది.

ఆ మాట దగ్గరైనా నేను లేచి ఉండొచ్చు. లేవలేదు. ఇంటికొచ్చాక, "చెయ్యి నిలకడ లేనోళ్లకు గసుంటి పనులెందుకే" అన్నాను.

మర్నాడు సారు ఇంటికి పోయి కంప్యూటరు చూసొచ్చింది. "అండ్ల నల్ల ముక్కలు సక్కగనే ఉన్నయి బాపమ్మా. తప్పు నా చేతిదే" అంది. కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది, ఎవరి చెయ్యో అన్నట్టు. నేను కండె అందించాను, చుట్టమని.

సారు మంచివాడు. కొన్నాళ్లకు మళ్లీ కబురు పెట్టాడు. రజిత పోలేదు. ఇప్పుడు జోల్వాలో తండ్రి పని చేసిన కార్ఖానాలోనే కండెలు చుడుతోంది. ఎక్కడ దారం తెగినా, ఎవరి మగ్గం మీద తెగినా, ముందు తన చెయ్యే చూసుకుంటుంది. కూరలో ఉప్పు ఎక్కువైందంటే, నేను వండిన కూరైనా సరే, "నేనే రెండోసారి ఏసిన్నేమో" అంటుంది. ఆ మాటకు నేను సరే అంటాను. ఇప్పటికీ అంటూనే ఉన్నాను.

దానికి ఎందుకు చెప్పవని మీరు అడగొచ్చు. చెబితే నన్ను క్షమిస్తుంది. అట్లాంటి పిల్ల. ఆ క్షమ కూడా దాని దగ్గర గుంజుకోవాలా నేను? లేక ఇదీ నా భయానికి వేసుకున్న ముసుగేనా? తెలియదు. ఈ కాగితం దాని చేతికి చేరుతుందో లేదో కూడా తెలియదు. రాయడానికి మూడు రోజులు పట్టింది. నా అక్షరాలు వంకర. గీతలు మాత్రం ఎప్పుడూ తిన్నగానే వచ్చేవి.

ఆ ఎనిమిదీ నేను గీసినవి. రజిత చెయ్యి ఎక్కడా తప్పలేదు.