సున్నకు కాళ్ళు

ఉద్యోగం నుంచి దిగాక అందరూ తీర్థయాత్రలకు పోతే, నేను పెరట్లో రేకుల షెడ్డులోకి పోయాను. ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పి, పిల్లల తప్పులు దిద్దీ దిద్దీ, ఇక ఇనుమును దిద్దుదామన్న బుద్ధి పుట్టింది. ప్లాస్మా కట్టర్ కొన్నానని తెలిసి హుజూర్‌నగర్‌లో మా ఎదురింటాయన కంగారుపడ్డాడు.

"ప్లాస్మా అంటే దవాఖానల ఎక్కిస్తరు గద సారూ, ఎవరికి బాగలేదు?"

ఇది ఎక్కించేది కాదు, కరెంటుతో గాలిని మంటలా మార్చి ఇనుమును జున్నుముక్కలా కోసేదని చెప్పాను. కోతలు కోయడం నాకు ముందే వచ్చు, ఇప్పుడు మిషను దొరికింది, అంతే. నా మొదటి స్టూలు మీద కూర్చున్నవాళ్ళెవరైనా తమకు తెలియకుండానే ఒకవైపు వినయంగా ఒంగేవారు.

అట్లాంటి నన్ను నమ్మి రెండిళ్ళ అవతలి అక్క ఒక రేకు తెచ్చింది. చిన్నప్పటి నుంచి రైసు మిల్లులో పనిచేసి మానేసిన మనిషి. వచ్చేటప్పుడు పాత యంత్రం నుంచి ఊడదీసిన ఆ దళసరి రేకును అడిగి తెచ్చుకుంది. శుక్రవారం సొంతంగా పిండి పట్టే గిర్ని పెడుతోంది.

"రంగుతోని రాయిస్తే వానకు పోతది సారూ. దీని మీదనే పేరు కోసియ్యి. నా చేతులు ఎన్నేండ్లు ఆడినయో దీని మీద. ఇంకోటి లేదు, జర పైలం."

బుధవారం పొద్దున 'పిండి గిర్ని' అని చాక్‌పీసుతో రాశాను. పండితుడి దస్తూరి, ముత్యాల్లా వచ్చాయి అక్షరాలు. కళ్ళద్దాలు పెట్టుకుని గీత వెంబడి కోస్తూ పోయాను. నిప్పురవ్వలు రాలుతుంటే మురిసిపోయాను. ఆ తర్వాత టింగుమని ఒక బిళ్ళ కింద పడింది. వెనకే ఇంకొకటి. సున్న చుట్టూ కోస్తే దాని నడుమ ఇనుము దేన్ని పట్టుకుని నిలబడుతుంది? నాలుగు అక్షరాల నెత్తిన ఉన్న గుడులూ, 'ర' పొట్టా అంతే. ఆలంపూర్‌లో నవబ్రహ్మల గుళ్ళు వందల ఏళ్ళుగా నిలబడి ఉన్నాయి. నా నాలుగు గుళ్ళు ఒక్క పూట నిలవలేదు.

మా ఆవిడ వచ్చి చూసింది. "రేకుకు అమ్మవారు పోసిందా ఏంది?"

నవ్వలేకపోయాను. దాచిపెట్టి ఇంకో రేకు కొందామా అనుకున్నాను. కానీ ఆమె చేతులు ఆడిన రేకు ఏ దుకాణంలో దొరుకుతుంది? పోయి చెప్పాను. "అక్కా, నీ రేకు ఖరాబు చేసిన."

ఆమె వచ్చి రేకు ముందు గొంతుక్కూర్చుంది. వేలితో ఒక్కో రంధ్రం అంచు తడిమింది.

"పడ్డ బిళ్ళలేవి?"

చెత్తడబ్బాలోంచి ఆరూ ఏరి ఇచ్చాను. అప్పుడు నవ్వింది.

"బస్తాల మీద మార్కా కొట్టే రేకు చూడలేదా సారూ? నడుమ బిళ్ళ పడకుంట రెండు దిక్కుల సన్నగ కాళ్ళు ఇడుస్తరు. కాళ్ళు లేకుంటే అది సున్న గాదు, బొక్క."

మిల్లులో ఏళ్ళ తరబడి బస్తాలకు మార్కా కొట్టింది ఆమేనట. చదవడం రాదు. నేను 'పి' మీది బిళ్ళను 'గి' మీద పెట్టబోతే నా చెయ్యి ఆపింది.

"గది గాడిది గాదు సారూ, గీడిది."

అక్కడిది కాదు ఇక్కడిది అంటోంది గానీ, నాకు గాడిద అనే వినిపించింది. కాదనలేకపోయాను.

బిళ్ళలను ఆమె వాటి వాటి చోట్లలో సర్ది పటకారుతో పట్టుకుంటే, నేను సన్న చువ్వ ముక్కలను కాళ్ళుగా పెట్టి వెల్డింగు చేశాను. ఆరు బిళ్ళలకు పన్నెండు కాళ్ళు. సాయంత్రానికి పదం నిలబడింది. పిల్లల జవాబు పత్రాల మీద నేను ఎన్ని సున్నలు చుట్టానో లెక్కలేదు. ఒక్క సున్నను నిలబెట్టడం మాత్రం నాకు ఆ అక్కే నేర్పింది. ఆ మాటే చెప్పి దండం పెడితే, "చాలు చాలు, గ్రైండర్ పట్టు, అంచులు గీరుకుంటున్నయి" అంది.

శుక్రవారం గిర్ని గుమ్మం మీద బోర్డు ఎక్కింది. జొన్నలు పట్టించడానికి వచ్చిన ఒక రైతు తలెత్తి చూశాడు.

"అక్షరాలకు గీ కాళ్ళేందక్కా?"

ఆమె నా వైపు కూడా చూడకుండా జొన్నలు పోస్తూ అంది: "కాళ్ళు లేకుంటే గిర్ని ఎట్ల నడుస్తది?"