దిష్టిచుక్క లేని ప్లేటు

తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరు పట్టీలో భద్రంగా ఉంది. దాన్ని అక్కడి నుంచి కదిలించిన వారు లేరు. ఆసుపత్రి వెనక భవనంలో, రెండో అంతస్తు జన్యు ప్రయోగశాలలో, ఆమె మూడుసార్లమ్మ. ఇరవై రెండేళ్లుగా అక్కడ టెక్నీషియన్. ఏ కొలతనైనా మూడుసార్లు కొలిస్తే తప్ప నమ్మదు. ల్యాబులో అది నియమమే. ఆమె దాన్ని ఇంటికి కూడా పట్టుకెళ్లింది. తాళం మూడుసార్లు లాగి చూస్తుంది. బీపీ మాత్ర వేసుకున్నారా అని అత్తగారిని మూడుసార్లు అడుగుతుంది. "వేసుకున్నానే తల్లీ, మళ్లీ అడిగితే నీ తృప్తి కోసం ఇంకోటి మింగుతాను" అని ఆవిడ బెదిరించాక, ఆ ఒక్క విషయంలో రెండుసార్లకు రాజీ కుదిరింది.

ఏం పని చేస్తావమ్మా అని చుట్టాలు అడిగితే "వెలుతురు కొలుస్తాను" అంటుంది. "కరెంటాఫీసా?" అంటారు వాళ్లు. "అలాంటిదే" అని మాట మారుస్తుంది. అసలు సంగతి చెప్పాలంటే కాస్త ఓపిక కావాలి. కణంలో జన్యువులన్నీ ఒకేసారి గొంతెత్తి అరిస్తే సంసారం సాగదు. అందుకని మైక్రో ఆర్‌ఎన్‌ఏ అనే పిసరంత ముక్క ఒకటి వచ్చి, జన్యువు పంపిన సందేశం తోక మీద కూర్చుని, "ఇక చాల్లే" అంటుంది. జన్యువు గొంతు తగ్గుతుంది. ఆ తోకలో ఒక్క అక్షరం మారితే ఒక్కోసారి ఆ పెద్దమనిషికి కూర్చునే చోటుండదు. అప్పుడు జన్యువు అరుస్తూనే ఉంటుంది, అవయవం అరిగిపోతుంది. ఏ అక్షరం మారితే కొంప మునుగుతుందో, ఏది మారినా ఫరవాలేదో తేల్చడమే ఆమె ఉద్యోగం. ఆ తోకను మిణుగురు పురుగు వెలుగు జన్యువుకు అతికించి, కణాల్లోకి ఎక్కించి, మైక్రో ఆర్‌ఎన్‌ఏను జతచేసి, ఆ కణాలను చితక్కొట్టిన రసంలో ఎంత వెలుగుందో యంత్రంతో కొలుస్తుంది. వెలుగు తగ్గితే మంచి వార్త. తగ్గకపోతే ఎవరి ఇంట్లోనో చెడ్డ వార్త.

ఆ రసం పోసేది అరచేతి వెడల్పు ప్లాస్టిక్ ప్లేటులో. దానికి తొంభై ఆరు గుంటలు. వాటిలో ఎడమవైపు పై మూల గుంట ప్రయోగానిది కాదు, ఆమె సొంతం. అందులో ఉత్త మిణుగురు రసం పోస్తుంది. దేదీప్యమానంగా వెలగడం తప్ప దానికి వేరే పనిలేదు. తెర మీద ఆ మూల వెలిగితే ప్లేటు సవ్యంగా పెట్టినట్టు. దానికి ఆమె పెట్టుకున్న పేరు దిష్టిచుక్క.

గురువారం ప్లేటుకు దిష్టిచుక్క లేదు. పెద్దసారు వద్దన్నారు. ఆయన ల్యాబు అధిపతి, విజ్ఞానశాస్త్ర గౌరవానికి ఈ భూమ్మీద మిగిలిన చివరి కాపలాదారు. "గుంటలు సరిపోవట్లేదు కదమ్మా. దాన్ని కూడా వాడెయ్. మనమేమన్నా శకునాలు చూసేవాళ్లమా?" అన్నారు. ఆమె వాడేసింది.

ఆ ప్లేటు ఒక అక్కాతమ్ముళ్లది. అక్కకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఆమె జన్యువు తోకలో రెండు అక్షరాలు మారి ఉన్నాయి. కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చిన తమ్ముడు దర్జీ. అతనిలో మొదటి అక్షరం మాత్రమే మారింది. జబ్బు రెండో అక్షరం వల్లయితే తమ్ముడు నిక్షేపంగా ఇవ్వొచ్చు. మొదటి దాని వల్లయితే అతని కిడ్నీలు కూడా ఒకనాటికి అదే దారి పడతాయి. ఒకటి కోసి ఇచ్చేస్తే ఆ రోజు ఇంకా త్వరగా వస్తుంది. ప్లేటులో మొదటి అక్షరం ఎడమ సగం, రెండోది కుడి సగం, మధ్యలో మామూలు తోక. అటునుంచి చూసినా ఇటునుంచి చూసినా ఒకేలా ఉండే అందమైన అమరిక. దోషి రెండో అక్షరమని తేలింది. శుక్రవారం రిపోర్టు వెళ్లింది. సోమవారం పదకొండున్నరకు ఆపరేషన్.

సోమవారం పదకొండుకు మూడుసార్లమ్మ ఇంకో ప్లేటు కొలుస్తోంది. దీనికి దిష్టిచుక్క ఉంది. తెర మీద అది వెలిగింది. వెలిగింది ఎడమవైపు పైమూలలో కాదు, కుడివైపు అడుగు మూలలో.

ఆమె తెర దగ్గరికి వంగి మళ్లీ చూసింది. యంత్రం కొత్తది, వచ్చి పది రోజులు. పాతదానిలో ప్లేటు మొదటి మూల బయటికి ఉండాలి, దీనిలో లోపలికి. బిగించిన ఇంజనీరు ఈ మాట ఒక్కసారే చెప్పాడు. ఇంకో రెండుసార్లు చెప్పమనడానికి మొహమాటం అడ్డొచ్చింది. ఇరవై రెండేళ్ల చేతి అలవాటు ఇవాళ ప్లేటును పాత పద్ధతిలో పెట్టేసింది. గురువారం ఎలా పెట్టింది? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. తిరగేసి పెట్టి ఉంటే ఎడమ కుడి అవుతుంది, దోషి నిర్దోషి అవుతాడు.

పెద్దసారు గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్లింది.

"సార్, గురువారం ప్లేటు తిరగబడి ఉండొచ్చు."

"ఉండొచ్చా? ఉందా?"

"తెలీదు సార్."

"పెట్టింది నువ్వే కదమ్మా!"

"చేతులు పెట్టాయి. నేను చూళ్లేదు."

పెద్దసారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "ముందు ఇంకోసారి కొలువు. ఖాయం చేసుకుని చెబుదాం. ఉత్తపుణ్యానికి కంగారు పెడితే మన పరువేం కావాలి?"

"కొలవడానికి గంటన్నర పడుతుంది. ఆపరేషన్ ఇంకో ఇరవై నిమిషాల్లో."

"తప్పేం లేదని తేలితే?"

"నన్ను తిట్టుకుంటారు. ఉందని తేలితే ఆ తమ్ముడి కిడ్నీ ఎవరు వెనక్కి పెడతారు?"

ఆయన ఫోను వైపు చెయ్యి చాచారు. "నేను మాట్లాడనా?"

"వద్దు సార్. మీరు జన్యుశాస్త్ర చరిత్ర నుంచి మొదలుపెడతారు."

థియేటర్ నర్సు ఫోనెత్తింది. "రిపోర్టు వచ్చేసిందిగా మేడమ్?"

"వచ్చిందే తప్పేమో సిస్టర్. సర్జన్ గారిని పిలవండి."

"చేతులు కడుక్కుంటున్నారు."

"తడి చేతులతోనే రమ్మనండి."

సర్జన్ వచ్చాడు. అంతా విన్నాడు. "మీకెంత నమ్మకం?"

"సగం సగం."

అవతల నీళ్లు కారుతున్న చప్పుడు వినపడింది. "గంటన్నర ఆగుతాను. ఆ తర్వాత నాకు సగాలు పనికిరావు."

గురువారం నాటి కణాల రసం కొంత మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్‌లో మిగిలి ఉంది. దాన్ని ఐసు మీద నెమ్మదిగా కరగనివ్వాలి. వేడి తగిలితే వెలుగు చచ్చిపోతుంది. ఒకరి ఆపరేషన్ ఆగి ఉందన్న సంగతి ఐసుకు తెలియదు. తెలిసినా తొందరపడే స్వభావం దానిది కాదు. ఆమె నిలబడే చూసింది. కరిగాక, రసం పీల్చి వదిలే పిపెట్ పట్టుకుని కొత్త ప్లేటులో ఒక్కో గుంటా నింపడం మొదలుపెట్టింది. ఎనిమిదో గుంట దాకా వచ్చింది. ఆగి, పిపెట్ దించి, పది లెక్కపెట్టి మళ్లీ ఎత్తింది.

"సార్, అలా కుర్చీలో కూర్చోండి. మీ ఊపిరి నా మెడ మీద పడుతోంది."

పెద్దసారు కూర్చున్నారు. కాసేపటికి గొంతు సవరించుకుని, "దిష్టిచుక్క పెట్టావా?" అన్నారు.

"పెట్టాను సార్."

"ఏదీ, ఇంకోసారి చూడు."

విజ్ఞానశాస్త్ర గౌరవం ఆ నిమిషానికి సెలవు మీద ఉంది. యంత్రంతో వచ్చిన పుస్తకం తెరిచి, బొమ్మ చూసి, "మొదటి మూల లోపలికి, కుడిపక్కకి" అని ఆయనే పైకి చదివారు. ఆమె అలాగే పెట్టింది. యంత్రం నోరు మూసుకుంది. అంకెలు ఒక్కొక్కటే తెర మీదికి దిగాయి. ముందుగా మూల. ఎడమ, పైన. సరిగ్గా ఉంది.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ లేనప్పటి వెలుగు వంద అనుకుంటే, మామూలు తోక: నలభై నాలుగు. మైక్రో ఆర్‌ఎన్‌ఏ చక్కగా కూర్చుంది. రెండో అక్షరం మారిన తోక: నలభై ఆరు. అది అమాయకురాలు. మొదటి అక్షరం మారిన తోక: తొంభై ఏడు, తొంభై ఎనిమిది, తొంభై ఆరు.

పెద్దసారు లేచి తెర దగ్గరికి వచ్చి, ఆ అంకెలు మళ్లీ చదువుకున్నారు. ఆమె ఫోనెత్తింది.

"ఆపెయ్యండి డాక్టర్ గారూ. దోషి తమ్ముడిలో ఉన్న అక్షరమే. శుక్రవారం నేను పంపింది తప్పు."

"పూర్తిగానా?"

"పూర్తిగా."

ఆ అక్కాతమ్ముళ్లకు చెప్పడానికి తనే కిందికి వెళ్లింది. అది ఆమె పని కాదని పెద్దసారు అన్నారు. తప్పు తనదైనప్పుడు పని కూడా తనదేనని ఆమె అంది. వార్డులో రెండు మంచాలు, మధ్యలో ఒక బల్ల. తమ్ముడు ఆసుపత్రి గౌను వేసుకుని, దాని కుట్టు పనితనాన్ని అసహ్యంగా చూస్తూ కూర్చున్నాడు. అక్క గోడకు ఆనుకుని ఉంది.

"మీరేనా ఆపించింది?" అన్నాడు.

"నేనే. ముందు ఫరవాలేదని తప్పు రాసిందీ నేనే." జరిగింది జరిగినట్టు చెప్పింది. ప్లేటు, మూల, కొత్త యంత్రం, ఏదీ దాచలేదు.

తమ్ముడు చివరిదాకా విన్నాడు. "నాకిప్పుడేం లేదు కదండీ. గుండ్రాయిలా ఉన్నాను. ఆ అక్షరం గొడవేదో నేను పడతాను. అక్కకి ఇచ్చెయ్యండి."

"ఇచ్చినా ఆ కిడ్నీ ఆవిడ దగ్గర ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. రేపు మీకే ఒకటి కావాల్సి రావచ్చు. అప్పుడెవరిస్తారు?"

అతను ఆలోచించకుండా అనేశాడు. "అక్క ఇస్తుంది."

గోడకు ఆనుకున్న అక్క ఫక్కున నవ్వింది. "ఒరేయ్, నీది నాకిచ్చి, మళ్లీ నన్నే అడుక్కుంటావట్రా?" నవ్వుతూనే దుప్పటి అంచు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ దుప్పటి చాలాసేపు కదులుతూనే ఉంది. ఎవరూ దాన్ని తియ్యమనలేదు.

ఆవిడ పేరు వెయిటింగ్ లిస్టులోకి ఎక్కుతుంది. వారానికి మూడు రోజులు డయాలిసిస్ మంచం ఎప్పటిలాగే ఉంటుంది. తమ్ముడు ఏటా పరీక్షలు చేయించుకోవాలి. ఇవన్నీ ఆమె ఒక్కొక్కటిగా చెప్పింది.

"ఇంతకీ నిన్నటి నుంచి నాకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదండీ. ఇప్పుడు తాగొచ్చా?" అన్నాడు తమ్ముడు.

"తాగండి." బల్ల మీది జగ్గు వంచి గ్లాసు నింపి ఇచ్చింది.

అతను దాన్ని ముందు అక్క వైపు చాచాడు.

"నాకు రోజుకి ఇన్ని గుక్కలని లెక్కరా. నువ్వు తాగు."

అతను ఎత్తి తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా అక్క చూపు తిప్పుకోలేదు.